రంగు పోయిన నీళ్లు శుభ్రమైనట్టేనా?



ముదురు ఎరుపు చొక్కా కొత్తగా కొని మొదటిసారి నానబెడితే బకెట్లో నీళ్లు ఎర్రబడతాయని మీకు తెలుసు. బట్టకు రంగు వేసేటప్పుడు అది పూర్తిగా అంటుకోదు. మిగిలినదంతా డైయింగ్ యూనిట్ నీళ్లలో ఉండిపోతుంది. ఎండకూ సబ్బుకూ వెలిసిపోని రంగు కావాలని మనం షాపులో అడుగుతాం. ఆ గట్టితనమే నీళ్లలో సమస్య అవుతుంది. అక్కడ కూడా ఆ రంగు అంత తేలిగ్గా విరిగిపోదు.

దీనివల్ల ఏం జరుగుతుందో తమిళనాడులోని తిరుప్పూర్ చూసింది. బనియన్లకు, టీషర్టులకు పేరున్న ఊరు అది. అక్కడి డైయింగ్ యూనిట్ల నీళ్లు ఏళ్ల తరబడి నొయ్యల్ నదిలో కలిశాయి. సాగునీటి కోసం దిగువన కట్టిన ఒరతుపాళయం డ్యామ్‌లో ఆ మురుగే చేరి, నీళ్లు పొలాలకు పనికిరాకుండా పోయాయి. రైతులు కోర్టుకు వెళ్లారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు డైయింగ్ యూనిట్లను మూసేయమంది. రైతులకు అప్పటికే పంట పోయింది, ఇప్పుడు కార్మికులకు పని పోయింది. మురుగు చుక్క కూడా నదిలోకి వదలకుండా శుద్ధి చేసి, ఆ నీళ్లనే మళ్లీ వాడుకోవాలన్నది షరతు.

ఆ శుద్ధిలో ఒక ముఖ్యమైన పని సూక్ష్మజీవులది. మీ ఇంట్లో పాలను పెరుగు చేసేవి, ఇడ్లీ పిండిని పులియబెట్టేవి వీటి బంధువులే.

బట్టలకు వాడే కృత్రిమ రంగుల్లో సగానికి పైగా అజో రంగులు. వీటి అణువులో రెండు నైట్రోజన్ పరమాణువులు జంటబంధంతో కలిసి ఉంటాయి. రంగు కనిపించడానికి ఆ బంధమే కీలకం. ఆక్సిజన్ లేని ట్యాంకులో కొన్ని రకాల బ్యాక్టీరియా అజోరిడక్టేజ్ అనే ఎంజైమ్‌తో ఆ బంధాన్ని తెంచేస్తాయి. నీళ్ల రంగు పోతుంది.

పని అయిపోయిందని అనిపిస్తుంది. నిజానికి సగమే అయింది. తెగిన ముక్కలను ఆరోమాటిక్ అమీన్లు అంటారు. వీటిలో కొన్ని విషపూరితం, కొన్ని క్యాన్సర్ కారకాలు కూడా. వీటికి రంగు ఉండదు కాబట్టి కంటికి దొరకవు. అంటే రంగు నీళ్ల కన్నా రంగు పోయిన నీళ్లే ఎక్కువ హాని చేయవచ్చు.

అందుకే రెండో ట్యాంకు కావాలి. అందులోకి గాలి పంపుతారు. ఆక్సిజన్ పీల్చే వేరే బ్యాక్టీరియా ఆ ముక్కలను తిని, చాలావాటిని చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరు వంటి సాధారణ పదార్థాలుగా మారుస్తాయి. మొదటి ట్యాంకులో గాలి ఉండకూడదు, రెండో దానిలో ఉండి తీరాలి. వరుస తప్పితే పని చెడుతుంది. మొండి అమీన్లు కొన్ని అప్పటికీ లొంగవు. రంగు పట్టడానికి వేసే ఉప్పును సూక్ష్మజీవులు అసలు తీయలేవు. దానికి మన ఇంటి ఆర్.ఓ. ఫిల్టర్ లాంటి పెద్ద యంత్రాలు, నీటిని ఆవిరి చేసే పరికరాలు కావాలి. వాటికి కరెంటూ ఖర్చూ ఎక్కువ.

మీ పిల్లలు సైన్స్ ఫెయిర్‌లో రంగు నీళ్లను తేటగా మార్చి చూపిస్తే తప్పకుండా మెచ్చుకోండి. ఆ తర్వాత ఒక ప్రశ్న అడగండి: "ఇవి శుభ్రమైనవని నీకెలా తెలుసు?"

ఈ రంగంలో పరిశోధకులు కూడా శుద్ధి చేసిన నీళ్లలో గింజలు మొలకెత్తించి చూస్తారు. మీరూ ఇంట్లో ప్రయత్నించవచ్చు. రెండు సాసర్లలో దూది పరిచి, ఒక్కోదానిలో 10 పెసలు వేయండి. ఒకదానికి మంచినీళ్లు, రెండోదానికి బట్టలు ఉతికిన సబ్బు నీళ్లు చల్లండి. మూడు రోజులు చూసి, ఎన్ని మొలకలొచ్చాయో, వేర్లు ఎంత పెరిగాయో పిల్లల చేతే స్కేలుతో కొలిపించి రాయించండి. ఆ మొలకలు తినకూడదు, చివర్లో చేతులు కడుక్కోవాలి.

కంటికి తేటగా కనిపించినదాన్ని వెంటనే నమ్మకుండా పరీక్షించి చూడటం పిల్లలకు అలవాటైతే, మేం క్లాసులో చెప్పే సైన్సు వాళ్లకు నిజంగా వంటబట్టినట్టే.