కుక్క గోకుడు ఆగడం లేదా? మొదట అది పడుకునే చోటు చూడండి

ఇంటి కుక్క రాత్రంతా గోక్కుంటూ ఉంటే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. మూగజీవి తన బాధ చెప్పుకోలేదు కనుక గృహస్థులు తోచిన మందెల్లా పూస్తారు. ఒకరు వేపనూనె అంటారు, మరొకరు గంధకం అంటారు. నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి దురద మళ్ళీ మొదలవుతుంది. నేను మనుషులకు వైద్యం చేసేవాడినే గాని పశువైద్యుడిని కాను. అయినా ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల నుండి నా వద్దకు వచ్చేవారు తమ ఒంటి దురదతో పాటు ఇంటి కుక్క దురదను గురించి కూడా అడుగుతుంటారు. ఆ రెండింటికీ కారణం ఒక్కటే అయిన సందర్భాలు తక్కువేమీ కావు.

దురద రోగం కాదు, లక్షణం

దురదను సంస్కృతంలో కండూ అంటారు. అది లోపలి దోషం వల్ల కలగవచ్చు, బయటి క్రిమి వల్ల కలగవచ్చు. చరక సంహిత విమానస్థానం ఏడవ అధ్యాయంలో క్రిములకు మూడంచెల చికిత్స చెప్పబడింది. క్రిమిని తీసివేయడం అపకర్షణం. అది పుట్టి పెరిగే పరిస్థితిని చెరపడం ప్రకృతి విఘాతం. దానికి మూలమైన వాటిని విడిచిపెట్టడం నిదాన పరివర్జనం. మనవారు సాధారణంగా మొదటిదానితోనే ఆగిపోతారు. తక్కిన రెండూ చేయనందువల్లనే దురద తిరగబెడుతుంది.

ఎక్కడ గోక్కుంటున్నదో గమనించండి

తోక మొదలు, నడుము, తొడల లోపలి భాగం కొరుక్కుంటూ ఉంటే పశువైద్యులు ‘ఫ్లీ’ అని పిలిచే దూకే పురుగును అనుమానించాలి. ఇది పిడుదువలె చర్మానికి కరచుకొని ఉండదు. పట్టబోతే గంతువేసి వెంట్రుకలలో మాయమవుతుంది. కొన్ని కుక్కలకు దీని లాలాజలం పడదు. అటువంటి వాటికి నాలుగైదు కాట్లు చాలు, ఒళ్ళంతా దురద పుడుతుంది.

చెవి అంచులు, మోచేతులు, పొట్ట మీద పొక్కులు కట్టి విపరీతంగా గోక్కుంటూ ఉంటే అది గజ్జి కావచ్చు. చెవి అంచును వేళ్ళతో మడిచి రుద్దితే కుక్క వెనుక కాలితో గోకబోవడం దీనికొక గుర్తు. గజ్జి మనుషులకూ అంటుతుంది. వెంట్రుకలు రాలి గుండ్రని మచ్చలు పడితే తామర కావచ్చు. అదీ అంటుకునేదే. పాదాలు అదేపనిగా నాక్కుంటూ, చెవులు తరచు చీము పడుతూ ఉంటే ఆహారమో, గాలిలోని ధూళియో పడకపోవడం కారణం కావచ్చు.

పురుగును తెలుసుకొనడానికి తేలికైన పరీక్ష ఒకటి ఉన్నది. తడిపిన తెల్లగుడ్డ మీద కుక్కను నిలబెట్టి నడుము వెంట్రుకలను పేలదువ్వెనతో దువ్వవలెను. రాలిన నల్లని నలుసులు తడికి కరిగి ఎర్రని చారలుగా మారితే అవి మట్టి కాదు. కుక్క నెత్తురు తాగిన పురుగు విసర్జించిన మలం.

ఆత్మకూరు ఇంటి అనుభవం

2022 నవంబరులో ఆత్మకూరు నుండి ఒక దంపతులు ఆరేళ్ళ పిల్లవానిని తీసుకొని ఉదయగిరికి వచ్చారు. పిల్లవానికి చీలమండల చుట్టూ, మోకాళ్ళ కింద మాత్రమే ఎర్రని దద్దుర్లు. రక్తదోషమని అనుకొని వారు వచ్చారు. దద్దుర్లు మోకాలు దాటి పైకి పోలేదు కనుక, “ఇంట్లో కుక్క ఉన్నదా?” అని అడిగాను. తండ్రి ముఖం చిన్నబోయింది. నాటుకుక్క ఉన్నదట. ఎనిమిది నెలలుగా గోక్కుంటున్నదట. ఫినాయిల్ నీళ్ళు పోశారు, కిరసనాయిలు పూశారు, కోడిగుడ్లు మానిపించారు. వాడి దద్దుర్లకూ ఆ కుక్కే కారణమని ఇంటి పెద్దావిడ పట్టుబట్టడంతో, ఆ ఆదివారం దానిని పెన్న అవతల వదిలివేయడానికి నిశ్చయించుకున్నారు. పిల్లవాడు తల్లి కొంగు పట్టుకొని ఏడుస్తూనే ఉన్నాడు.

మరునాడు ఆ ఇంటికి వెళ్ళాను. కుక్క తోక మొదట వెంట్రుక లేదు, చర్మం నల్లబడి మందమయింది. తెల్లగుడ్డ ఎర్రబారింది. అది పడుకునే చోటు చూపమన్నాను. మెట్ల కింద పాత గోతాలు, వాటి పక్కన ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇసుక. ఎండ తగలదు, తేమ ఆరదు. పిల్లవాడు సాయంత్రాలు ఆడుకునేదీ ఆ ఇసుకలోనే.

ఆడపురుగు రోజుకు నలభై దాకా గుడ్లు పెట్టగలదు. అవి కుక్క ఒంటి మీద నిలువక జారి నేలపై పడతాయి. పిల్లపురుగులు వెలుగుకు దూరంగా నెరెలలో, ఇసుకలో పెరిగి గూడు కట్టుకుంటాయి. అనుకూలించకపోతే ఆ గూటిలో నెలల తరబడి ఉండి, కుక్క అడుగుల కదలిక తగిలినప్పుడు బయటికి వస్తాయి. కుక్క ఒంటి మీద మనకు కనిపించేవి మొత్తంలో కొద్ది పాలు మాత్రమే. మన జిల్లాలో వానలు ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య పడతాయి. ఆ తేమలో ఇవి మరింత పెరుగుతాయి.

చేసిన చికిత్స

అపకర్షణం: రోజూ పేలదువ్వెనతో దువ్వి, దువ్వెనను సబ్బునీటిలో ముంచవలెను.

ప్రకృతి విఘాతం: వేపాకు నాలుగు గుప్పిళ్ళు, కానుగాకు రెండు గుప్పిళ్ళు ఆరు లీటర్ల నీటిలో వేసి నాలుగు లీటర్లు మిగిలేవరకు కాచి, వడపోసి, గోరువెచ్చగా వారానికి రెండుసార్లు ఒళ్ళు తడిపి, తుడిచి ఆరబెట్టవలెను. కళ్ళలో, నోటిలో పడరాదు. మొదట కొద్దిచోట పోసి ఒక రోజు చూడవలెను. చరకుడు చెప్పిన పది కండూఘ్న ద్రవ్యాలలో వేప, కానుగ రెండూ ఉన్నాయి. ఆవాలు కూడా ఉన్నా, పుండుపడిన చర్మానికి ఆవముద్ద మంట కలిగిస్తుంది కనుక కుక్కకు వాడరాదు. ఈ కషాయం దురదకు ఉపశమనమే గాని పురుగును పూర్తిగా చంపదు. మూడు నెలల లోపు కూనలకు, చూలు కుక్కలకు, పిల్లులకు వాడరాదు.

నిదాన పరివర్జనం: గోతాలు తగులబెట్టించి, ఇసుక ఎత్తించి, నెరెలు పూడ్పించాను. పరుపుగుడ్డను వారం వారం మరిగే నీటిలో నానవేసి ఎండలో ఆరవేయమన్నాను. దీనితోపాటు పశువైద్యునికి చూపి పురుగుమందు వేయించమని చెప్పాను. వారు ఆ విధంగానే చేశారు.

రెండు వారాలకు పిల్లవాని దద్దుర్లు ఆగాయి. ఐదవ వారంలో గూళ్ళ నుండి కొత్త పురుగులు వచ్చి కుక్క మళ్ళీ గోక్కున్నది. మానకుండా కొనసాగించమన్నాను. మూడవ నెలకు గోకుడు నిలిచింది, తోక మొదట వెంట్రుక మొలిచింది.

చేయకూడనివి

కుక్క తన ఒళ్ళు తానే నాక్కుంటుంది. దానికి పూసినది తాగించినట్టే. కిరసనాయిలు, పాత ఇంజనాయిలు, ఫినాయిల్, కర్పూరం, పొలం మందులు పనికిరావు. గమాక్సిన్ పొడి (బి.హెచ్.సి.) మన దేశంలో 1997లోనే నిషేధింపబడింది. పాత డబ్బా మిగిలి ఉన్నా ముట్టవద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను చెరుస్తాయి కనుక తినిపించరాదు.

పశువైద్యుని వద్దకు ఎప్పుడు?

చీము, దుర్వాసన, జ్వరం ఉన్నా, గజ్జి లేదా తామర అనుమానమున్నా ఆలస్యం చేయరాదు. నోటి ద్వారా ఇచ్చే కొత్తరకం పురుగుమందు మాత్రలు 2014 నుండి వచ్చాయి. కుక్కకు మూర్ఛలు వచ్చి ఉంటే ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పాలి. మలద్వారం వద్ద వరి గింజల వంటివి కనిపిస్తే బద్దెపురుగు అని గ్రహించాలి. పురుగును మింగిన కుక్కకు అది కడుపులో పెరుగుతుంది. ఆహారం పడటం లేదని అనుమానమైతే వైద్యుని సలహాతో, మునుపెన్నడూ తినని ఆహారం మాత్రమే ఎనిమిది వారాలు పెట్టి చూడాలి. మధ్యలో ఒక్క బిస్కెట్టు వేసినా పరీక్ష చెడుతుంది.

ఇంట్లో ఎన్ని కుక్కలు, పిల్లులు ఉంటే అన్నింటినీ ఒకేసారి చూపించాలి. పిల్లులకు కుక్కల మందు వేయరాదు. వాటికి వేరే మందు వైద్యుడే ఇవ్వాలి. ఒక్కదానిని విడిచిపెట్టినా పురుగు దాని మీద బ్రతికి తక్కినవాటికి మళ్ళీ చేరుతుంది. దురద తగ్గినదని మూడు నెలల లోపు శుభ్రత మానవద్దు.