క్యాంపులో ఘంటసాల, ప్లైవుడ్ మీద బాపు

డిసెంబర్ వచ్చిందంటే ఖతర్‌లో ఎండ దిగుతుంది, మాకు పండగ మొదలవుతుంది. 4న ఘంటసాల పుట్టినరోజు, 15న బాపు పుట్టినరోజు. ఇద్దరికీ విడివిడిగా చేసే తీరిక, డబ్బు రెండూ మా దగ్గర లేవు. అందుకని ఆ రెండు తేదీల మధ్య వచ్చే శుక్రవారం దోహా ఇండస్ట్రియల్ ఏరియాలోని మా క్యాంపులో ఒకటే సభ. సభ అంటే మైకులు, శాలువాలు కాదు. క్యాంపు బాసుతో ముందే మాట్లాడుకుని, మెస్ హాల్లో నాలుగు బల్లలు పక్కకు జరిపి, రాత్రి పదిలోపు ముగించే కార్యక్రమం. చందాలు ఉండవు. ఇక్కడ అనుమతి లేకుండా డబ్బు పోగుచేస్తే చిక్కుల్లో పడతాం. బియ్యం ఒకరు, చింతపండు ఒకరు, సేమ్యా ఒకరు తెస్తే పులిహోర, పాయసం అయిపోతాయి.

ఎడారిలో ఇటుకలు పేర్చుకునేవాళ్ళకు ఈ జయంతులు ఎందుకురా అని ఊళ్ళోవాళ్ళు ఫోన్‌లో నవ్వుతుంటారు. ఘంటసాల కథ తెలిసినవాళ్ళు అలా నవ్వరు. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారాయన. చిన్నతనంలోనే తండ్రి పోయారు. సంగీతం నేర్చుకోవాలని, నలభై రూపాయల ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకే అమ్ముకుని విజయనగరం బండెక్కారని చెబుతారు. వీసా కోసం ఇంటావిడ పుస్తెలతాడు తాకట్టు పెట్టి వచ్చినవాళ్ళం మాలో చాలామందిమి ఉన్నాం. ఆ లెక్క మాకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. విజయనగరంలో జోలె కట్టుకుని ఇంటింటా మధుకరం ఎత్తి తింటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. తర్వాత స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్ళారు. మద్రాసు వెళ్ళాక ఉండటానికి చోటు లేక, పానగల్ పార్కు వాచ్‌మన్‌కు నెలకు రెండు రూపాయలిచ్చి అక్కడే పడుకునేవారట. మన భాషలో దాన్నే బెడ్ స్పేస్ అంటారు!

ఆయన నూరేళ్ళ పుట్టినరోజు, 2022 డిసెంబర్ 4, సరిగ్గా ఇక్కడ ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ జరుగుతుండగా వచ్చింది. ఆ రోజు అల్ థుమామాలో ఒక మ్యాచ్, అల్ బైత్‌లో ఇంకో మ్యాచ్. మాలో కొందరు స్టేడియాలకు స్టీలు కట్టినవాళ్ళే. టికెట్టు మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. మా సైటు పని ఆపేసి ఉండటంతో శుక్రవారం దాకా ఆగకుండా ఆదివారమే కానిచ్చాం. పదిహేనుమందిమి ఒక రూములో కూర్చుని 'మాయాబజార్' పాటలు వరసగా పాడుకున్నాం. రాయచోటి నుంచి వచ్చిన ఒక మేస్త్రీ భాయ్ పద్యం ఎత్తుకుంటే పక్క రూము నేపాలీ కుర్రాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

ఒక ఏడాది మాత్రం పెద్ద వాదన జరిగింది. ఘంటసాల భగవద్గీత పెట్టాలా వద్దా అని. ఆరోగ్యం దెబ్బతిన్న రోజుల్లో ఆయన పాడిన గీత అది. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు. ఆ గీత మాత్రం మన ఊళ్ళల్లో ప్రతి చావింటి ముందూ మోగుతూనే ఉంది. తెల్లారగట్ల ఆ గొంతు వినబడిందంటే ఎవరింట్లోనో మనిషి పోయినట్టే. "పుట్టినరోజు పూట అది పెడితే అరిష్టం రా, వద్దు" అన్నాడు మాలో పెద్దవాడైన కార్పెంటర్ మామ. సగంమంది ఆయన వైపే.

అప్పుడు జగిత్యాల వైపు స్టీల్ ఫిక్సర్ తమ్ముడు లేచాడు. మాట్లాడే మనిషి కాదు. అంతకు నెల కిందటే వాళ్ళ నాన్న పోయాడు. సెలవు కాగితం మీద సంతకం పడేలోపే అక్కడ దహనం అయిపోయింది. రూములో కూర్చుని ఫోన్‌లో చూశాడు. "మా నాయిన పోయిన్నాడు ఫోన్ల సగమే ఇన్న అన్నా. నడుమల నెట్టు పోయింది. మిగిలింది ఈడ ఇంట" అన్నాడు.

మామ ఏమీ అనలేదు. గీత పెట్టాం, శబ్దం హాలు దాటకుండా. తమ్ముడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చివరిదాకా కూర్చున్నాడు. రాయచోటి భాయ్ అతని పక్కనే. పాయసం ఆ తర్వాతే వడ్డించాం. అప్పట్నుంచీ ప్రతి ఏడూ గీత ఉంటుంది. కావాలనుకున్నవాళ్ళు కూర్చుంటారు, వద్దనుకున్నవాళ్ళు బయట టీ తాగుతారు. గొంతు మీద ఒక జాతి ఇంత బరువు పెట్టడం ఇంకెక్కడైనా ఉందో లేదో గానీ, ఆయన మోశాడు.

బాపు సంగతికొస్తే, ఆయన భారం మా పెయింటర్ అన్నది. నరసాపురం వైపు మనిషి. బాపు పుట్టిందీ నరసాపురంలోనే, 1933లో. అన్న ఇప్పుడు విల్లాలకు పుట్టీ పట్టి రంగులేస్తాడు గానీ, ఊళ్ళో ఒకప్పుడు బోర్డులు రాసే ఆర్టిస్టు. ఎరువుల కొట్టు, హోటలు, సినిమా హాలు, ఏ బోర్డయినా బాపు అక్షరాల్లోనే రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది, కుంచె కట్టేసి విమానం ఎక్కాడు. తమాషా ఏమిటంటే బాపు అక్షరాలు కంప్యూటర్లోకి కూడా వచ్చి ఆ ఫ్లెక్సీల మీదే కూర్చున్నాయి. "అక్షరాలు బతికాయి, రాసేవోళ్ళం పోయాం" అంటాడన్న. బాపు మీద కోపం మాత్రం లేదు. ఏటా సెంట్రింగుకు పనికిరాని ప్లైవుడ్ ముక్క అడిగి తెచ్చుకుని, సున్నం రంగు కొట్టి, రెండు జళ్ళ అమ్మాయినో, ఆంజనేయుణ్ణో గీస్తాడు.

మా పనిలో గీతంటే మూలమట్టం, రసమట్టం. కొంచెం వంకరపోతే ఇంజనీరు పగలగొట్టమంటాడు. బాపు గీత ఒక్కటీ నిటారుగా ఉండదు, అయినా బొమ్మ పడిపోదు. ఇదెలా అని అడిగితే, "చెయ్యి మధ్యలో ఆపకూడదు తమ్ముడూ, ఆపితే ముడి పడుద్ది" అంటాడు అన్న. లా చదివిన బాపు కోర్టుకు వెళ్ళకుండా పత్రికల్లో బొమ్మలేసుకుంటూ 'సాక్షి', 'ముత్యాల ముగ్గు' లాంటి సినిమాలు తీశారు. 2014 ఆగస్టు 31న పోయారు. కిందటేడు అన్న తన కూతురి శుభలేఖకు అక్షరాలు ఇక్కడే బంకు మీద కూర్చుని రాసి ఫొటో తీసి పంపాడు. పెళ్ళికి పది రోజుల సెలవు కూడా దొరికింది.

ఈ మధ్య నిజామాబాద్, సిరిసిల్ల తమ్ముళ్ళు ఒక మాట అడిగారు. "అన్నా, మనోళ్ళ పుట్టిన్రోజులు ఎప్పుడు జేస్తరు?" న్యాయమైన ప్రశ్న. గద్దర్ జయంతి జనవరి 31న. ఆయన 2023 ఆగస్టులో పోయినప్పుడు ఈ క్యాంపులో ఆ రాత్రి చాలామంది అన్నం తినలేదు. క్యాంపులో రాజకీయం కుదరదు కాబట్టి ఉపన్యాసాలు లేవు, పాటలే. బొమ్మలకైతే సిద్దిపేట కాపు రాజయ్య గారు ఉన్నారు. 1925లో పుట్టి 2012లో పోయారు, బోనాలు, ఊరి జనం, వాళ్ళ పనీపాటా గీసిన మనిషి. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ మొదటి వారంలో వస్తుంది, అంటే ఎండలు ముదిరేలోపే.

పెయింటర్ అన్నకు రాజయ్య గారి బొమ్మలు ఫోన్‌లో చూపించాం. చాలాసేపు చూశాడు. ఇది తన చేతికి అలవాటైన గీత కాదని, రెండు వారాలు సాధన కావాలని అన్నాడు. ప్లైవుడ్ ముక్క కోసం ఫోర్‌మన్‌ను అడిగి పెట్టాం.