తీగ లేని పలక

ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కునగరం భిలాయిలో పాఠానికీ బొమ్మకీ పనికొస్తున్న కొత్త సాధనం పెన్‌ టాబ్లెట్‌. మాస్టారి చేతి కదలికను దూరాన కూర్చున్న పిల్లల కళ్ల ముందుకు తెచ్చే ఆ పరికరం కథే ఈ వారం ముఖచిత్ర కథనం.

భిలాయి ముందు కాగితం మీద పుట్టింది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్‌ యూనియన్‌తో ఉక్కు కర్మాగారం ఒప్పందం కుదిరాక, దుర్గ్‌ పక్కన పల్లెలూ పొలాలూ ఉన్న నేల మీద కొలిమి ఎక్కడ లేవాలి, కోక్‌ ఓవెన్లు ఎక్కడ ఉండాలి, పనివాళ్ల క్వార్టర్లు ఏ వరసలో రావాలి అన్నవన్నీ డ్రాయింగ్‌ బల్లల మీదే తేలాయి. నాలుగేళ్లకు, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌ మొదటి బ్లాస్ట్‌ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దల్లీ రాజహరా గనుల ఇనుపరాయి ఇక్కడ కరిగి రైలు పట్టాలైంది. ఆ పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చిన తెలుగువాళ్లు ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు, మనవల్ని ఎత్తుకున్నారు. సెక్టర్‌-5లో ఆంధ్ర సాహిత్య సమితి నడిపే బాలాజీ గుడికి వెళితే ఇప్పటికీ ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది.

గీతల మీద లేచిన ఈ ఊళ్లో ఇప్పుడు గీసే సాధనం మారుతోంది. పలచటి నల్లని ప్లాస్టిక్‌ పలక ఒకటి, పక్కన ఒక కలం. ఎంత గీసినా పలక మీద ఏమీ కనిపించదు. గీత వెళ్లి ఎదురుగా ఉన్న ల్యాప్‌టాప్‌ తెర మీద పడుతుంది. కొందరు దీన్ని పెన్‌ టాబ్లెట్‌ అంటారు, కొందరు గ్రాఫిక్‌ టాబ్లెట్‌ అంటారు. ఆటవస్తువులా కనిపించే ఈ పలక ఆన్‌లైన్‌ చదువులో పోయినదాన్ని ఒకదాన్ని తిరిగి తెచ్చింది. గీసి ఇచ్చిన పాఠం వేరు, గీస్తుండగా చూసిన పాఠం వేరు. ఆ రెండో దాన్ని.

నల్లబల్ల మాయమైనప్పుడు

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్‌ పడింది. ఏప్రిల్‌ 7న ఛత్తీస్‌గఢ్‌ ప్రభుత్వం ‘పఢయి తుంహర్‌ దుఆర్‌’ పేరుతో ఆన్‌లైన్‌ చదువు మొదలుపెట్టింది. చదువే మీ గుమ్మంలోకి వస్తుందన్నమాట. ఐఐటీ కోచింగ్‌కు రాష్ట్రమంతటా పేరున్న భిలాయిలో ఈ మార్పు గట్టిగానే తగిలింది. ఇక్కడ సాయంత్రమైతే పిల్లలు సైకిళ్లెక్కి వెళ్లేది ట్యూషన్‌కే. ఫిజిక్స్‌ మాస్టారికి నోరు ఎంత ముఖ్యమో, చాక్‌పీసు అంత ముఖ్యం. ఉన్నట్టుండి చేతిలోంచి ఆ చాక్‌పీసు జారిపోయింది.

అప్పుడు దేశమంతటా మాస్టార్లు చేసిన ప్రయత్నాలు మనకు గుర్తే. రెండు డబ్బాల మధ్య స్కేలు పెట్టి, దాని మీద ఫోను బోర్లించి, కింద నోటుపుస్తకంలో రాశారు. పని జరిగింది గానీ చెయ్యి నీడ అక్షరాల మీద పడేది. కొందరు ముందుగా తయారు చేసుకున్న స్లైడ్లు చూపించారు. అక్కడ లెక్క మొత్తం ఒక్కసారే ప్రత్యక్షమవుతుంది, పిల్లవాడు కాపీ చేసుకునేలోపు తరవాతి స్లైడు వచ్చేస్తుంది. మరికొందరు మౌస్‌తో రాయబోయి, ఐదుకూ ఎస్‌కూ తేడా తెలియకుండా రాసి నవ్వుకున్నారు.

మౌస్‌తో రాత ఎందుకు కుదరదంటే, అది తానున్న చోటు చెప్పదు, ఎంత జరిగిందో మాత్రమే చెబుతుంది. ఎత్తి మరో చోట పెట్టినా తెరమీది బాణం కదలదు. పెన్‌ టాబ్లెట్‌లో అలా కాదు. పలక మీద ఎడమ పైమూల తాకితే తెర మీదా ఎడమ పైమూలే. పలకలో ప్రతి చోటుకూ తెర మీద ఒక చోటు ఖాయంగా ఉంటుంది. పైగా మౌస్‌ను పట్టి నడిపేది అరచెయ్యీ మణికట్టూ. అక్షరం అలవాటైనది వేళ్లకు.

కలంలో బ్యాటరీ లేదు

చేతిరాతను తీగ మీద పంపాలన్న కోరిక పాతదే. అమెరికాలో ఎలిషా గ్రే అనే ఆవిష్కర్త టెలాటోగ్రాఫ్‌ అనే యంత్రానికి 1888లోనే పేటెంటు తీసుకున్నాడు. ఇక్కడ కలంతో రాస్తే అక్కడ మరో కలం అదే రాత రాసేది. 1963లో ఇవాన్‌ సదర్లాండ్‌ స్కెచ్‌ప్యాడ్‌ అనే ప్రోగ్రాంతో కంప్యూటర్‌ తెర మీదే కాంతి కలంతో బొమ్మలు గీసి చూపించాడు. మరుసటి ఏడాది ర్యాండ్‌ సంస్థ పలకా కలమూ కలిసిన టాబ్లెట్‌ తెచ్చింది. 1983లో జపాన్‌లో మొదలైన వాకొమ్‌ కంపెనీ ఆ పలకను చిత్రకారుల బల్ల మీదికి చేర్చింది. చైనా కంపెనీలు హుయాన్‌, ఎక్స్‌పీ-పెన్‌ వచ్చాక ధర మామూలు జీతగాడికి అందేంత దిగింది.

నేటి టాబ్లెట్లలో చాలావాటి కలంలో బ్యాటరీ ఉండదు. పలక అడుగున సన్నని తీగల వల ఉంటుంది. అది క్షణంలో ఎన్నోసార్లు విద్యుదయస్కాంత సంకేతం పంపి, వెంటనే చెవి ఒగ్గి వింటుంది. కలంలోని చిన్న తీగచుట్ట ఆ సంకేతంతోనే శక్తి తీసుకుని తిరిగి పలుకుతుంది. ఏ తీగ దగ్గర ఆ పలుకు బలంగా వినిపిస్తే కలం అక్కడ ఉన్నట్టు. ములికి మీద ఒత్తిడి పెరిగితే ఆ పలుకు కొంచెం మారుతుంది, గీత లావెక్కుతుంది. ఆ సంకేతానికి తాకిడి అక్కర్లేదు కనుక కలం పలకను తాకకముందే, ఒక సెంటీమీటరు పైన ఉండగానే, తెర మీద బాణం కదులుతుంది. చెయ్యి ఎక్కడుందో చూడకుండా రాయగలిగేది ఆ వెసులుబాటు వల్లే.

బాణం ఎటు గీశాడు?

గీస్తూ పాఠం చెప్పే పద్ధతికి ప్రపంచమంతా ఎరిగిన ఉదాహరణ సల్మాన్‌ ఖాన్‌. సినిమా నటుడు కాదు, ఖాన్‌ అకాడమీ స్థాపించిన ఆయన. 2004లో బోస్టన్‌లో ఉంటూ, న్యూ ఆర్లియన్స్‌లో ఉన్న చుట్టాలమ్మాయి నాదియాకు ఫోన్‌లో లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. 2006 నుంచి పాఠాలను యూట్యూబ్‌లో పెట్టాడు. ఆ వీడియోల్లో ఆయన ముఖం ఉండదు. నల్లని తెర మీద రంగురంగుల చేతిరాతా, వెనక మాటా మాత్రమే ఉంటాయి. లక్షల మంది పిల్లలకు ఆ రెండే సరిపోయాయి.

ఎందుకు సరిపోయాయో భిలాయి కోచింగ్‌ క్లాసులో రోజూ గీసే బొమ్మ ఒకటి చూస్తే తెలుస్తుంది. వాలుతలం మీద ఒక దిమ్మ. దాని మీద పనిచేసే బలాలు గుర్తించాలి. మాస్టారు ముందు దిమ్మ గీస్తాడు. బరువు బాణాన్ని నిట్టనిలువుగా కిందికి దించుతాడు. తరవాత తలం నుంచి వచ్చే అభిలంబ బలం. ఇక్కడే సగం మంది పిల్లలు తప్పుతారు. దాన్నీ నిట్టనిలువుగా పైకి గీస్తారు. మాస్టారి చెయ్యి ఒక్క క్షణం ఆగి, వాలుకు లంబంగా ఒరిగి, అప్పుడు బాణం గీస్తుంది. ఆ ఆగడమే పాఠం. స్లైడులో అన్ని బాణాలూ ఒకేసారి దిగితే ఆ ఆగడం కనిపించదు. కర్బన రసాయనంలో ఎలక్ట్రాన్లు ఎటు జరిగాయో చెప్పే వంపు బాణాలైనా, జ్యామితిలో ఎక్కణ్నుంచి ఎక్కడికో గీసే అదనపు రేఖయినా ఇదే సంగతి. ముందు ఏది గీయాలన్నది తెలిస్తే సగం లెక్క వచ్చినట్టే.

మరో లాభం వేగం. చేత్తో రాసే మాస్టారి వేగమూ నోటుపుస్తకంలో రాసుకునే పిల్లవాడి వేగమూ దాదాపు ఒకటే. డేటా కూడా కలిసొస్తుంది. కెమెరా ఆపేసి తెరను మాత్రం పంపితే, ఎక్కువ భాగం కదలని ఆ చిత్రానికి ముఖం చూపే వీడియో కంటే తక్కువ డేటా పడుతుంది. క్లాసు అయ్యాక ఆ రాతనంతా పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో పెట్టేయొచ్చు.

దిద్దించడానికి ఒక పొర

భిలాయి తెలుగువాళ్లకు ఈ పలకతో ఇంకో పని ఉంది. ఇక్కడి మూడో తరం పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్లో హిందీ, ఇంగ్లీషు రాస్తారు. తెలుగు రాయడమే రాదు. వీళ్లకు యాప్‌లో అచ్చు అక్షరం చూపిస్తే ఆకారం తెలుస్తుంది గానీ చెయ్యి ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిరగాలో తెలియదు. దేవనాగరి నిలువు గీతలకూ మీది అడ్డగీతకూ అలవాటైన చెయ్యి తెలుగు అక్షరాన్ని మూలలు విరిచి రాస్తుంది. మనది గుండ్రని దారి. తలకట్టు ఎప్పుడు పెట్టాలి, ‘కి’ గుడిలో చెయ్యి ఎటు తిరగాలి, ‘క్ష’ వత్తు ఎక్కణ్నుంచి దిగాలి అన్నవి చూసి నేర్చుకోవలసినవే.

మన పాత పద్ధతిలో పంతులుగారు పలక మీద అక్షరం రాసిస్తే పిల్లవాడు దాని మీదే పదిసార్లు దిద్దేవాడు. డిజిటల్‌ బొమ్మల సాఫ్ట్‌వేర్లలో పొరలు ఉంటాయి, అంటే లేయర్లు. కింది పొరలో లేత బూడిదరంగులో అక్షరం పెట్టి, పై పొరలో పిల్లల చేత దిద్దించవచ్చు. పై పొర తుడిచేస్తే కింది అక్షరం చెక్కుచెదరదు. ఆన్‌లైన్‌లో తెలుగు నేర్పడం కొత్తేమీ కాదు, 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి ప్రవాసుల పిల్లలకు చాలా ఏళ్లుగా ఆ పని చేస్తోంది. ఛత్తీస్‌గఢ్‌ తెలుగు పిల్లలకు అమెరికా తెలుగు పిల్లలకున్న ఇబ్బందే ఉంది. శ్రీకాకుళంలో రిటైరైన తెలుగు పంతులమ్మ తన ఇంట్లోంచే భిలాయి మనవరాలి చేత గుణింతం దిద్దించడానికి ఇప్పుడు సాంకేతికంగా అడ్డేమీ లేదు.

బొమ్మకు దూరం లేదు

ఉక్కు ఊరని ఇక్కడ కళ లేదనుకోవద్దు. పాండవుల కథలు పాడే పండవాణి గాయని తీజన్‌ బాయి భిలాయి స్టీల్‌ ప్లాంటులో ఉద్యోగం చేశారు. పద్మశ్రీ అందుకున్న శిల్పి జె.ఎం. నెల్సన్‌ ఈ ఊరివారు. సివిక్‌ సెంటర్‌లో నెహ్రూ ఆర్ట్‌ గ్యాలరీ ఉంది. లలితకళలకే ప్రత్యేకమైన విశ్వవిద్యాలయం, 1956లో మొదలైన ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం, దగ్గర్లోని ఖైరాగఢ్‌లోనే ఉంది. విగ్రహాల తయారీకి పేరుపడ్డ థనౌద్‌ కూడా దుర్గ్‌ జిల్లా గ్రామమే.

చందమామ ముఖచిత్రాలతో ఇంటింటికీ చేరిన వడ్డాది పాపయ్య శ్రీకాకుళంలో పుట్టినవారు. ఆ రోజుల్లో చిత్రకారుడి బొమ్మ అచ్చాఫీసు చేరాలంటే అట్టల మధ్య భద్రంగా పెట్టి పంపాలి. ఇప్పుడు భిలాయిలో కూర్చుని విజయవాడ ప్రచురణకర్తకు పుస్తకం అట్ట వేయాలంటే మెయిలు చాలు. దానికీ కొన్ని మెళకువలున్నాయి. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఏ4 పేజీ బొమ్మకు 2480, 3508 పిక్సెళ్ల కొలత పెట్టుకోవాలి. ఫోన్‌కు సరిపడా చిన్నగా గీస్తే అచ్చులో గీతలు చెదురుతాయి. తెర మీద మెరిసే నీలాలూ పచ్చలూ సిరాలో అంత మెరవవని ముందే లెక్కలో ఉంచుకోవాలి.

కాగితం మీద బాగా గీసేవాళ్లకు కూడా మొదటి వారం విసుగు పుడుతుంది. చెయ్యి బల్ల మీద, చూపు తెర మీద. రెండూ కలిసే దాకా గుండ్రం గీస్తే గుడ్డవుతుంది. రోజూ కాసేపు నిలువు గీతలు, సున్నాలు, సొంత పేరు రాయడమే దీనికి మందు. మణికట్టుతో కాక భుజం నుంచి గీస్తే గీత సాఫీగా వస్తుంది, చెయ్యీ నొప్పెట్టదు.

మాట చెబితే బొమ్మ తయారుచేసే కృత్రిమ మేధ కాలంలో ఈ పలకకు మరో విలువ కూడా వచ్చింది. ఉచితంగా దొరికే కృత సాఫ్ట్‌వేర్‌ వంటివి మొదటి గీత నుంచి చివరి రంగు దాకా బొమ్మ ఎదిగిన తీరును వీడియోగా దాచిపెట్టగలవు. బొమ్మ చేత్తో వేసిందనడానికి అది సాక్ష్యం, నేర్చుకునేవాడికి అదే పాఠం.

తీగ తీసేస్తే ఏమొస్తుంది?

వైర్‌లెస్‌ టాబ్లెట్లు బ్లూటూత్‌తో గానీ, యూఎస్‌బీలో పెట్టే చిన్న డాంగిల్‌తో గానీ నడుస్తాయి. తీగ ఉన్నవాటిలో త్వరగా పాడయ్యేది తరచూ పలకా తీగా కలిసే మూలే. వైర్‌లెస్‌తో ఆ బెడద తగ్గుతుంది. అసలు లాభం మాత్రం తరగతి గదిలో. మాస్టారు ప్రొజెక్టర్‌ దగ్గర అతుక్కుపోనక్కర్లేదు, బెంచీల మధ్య తిరుగుతూ రాయొచ్చు. పలకను చివరి బెంచీ పిల్లకు ఇచ్చి ‘నువ్వు చెయ్యమ్మా’ అంటే, ఆమె కూర్చున్నచోటి నుంచే గోడ మీద లెక్క చేస్తుంది. బోర్డు దగ్గరికి రావడానికి జంకే పిల్లలకు ఇది పెద్ద ఊరట.

నష్టాలూ ఉన్నాయి. పలకకు ఛార్జింగ్‌ పెట్టాలి. బ్లూటూత్‌, డాంగిల్‌, చాలా ఇళ్ల వైఫై అన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌ దగ్గరే నడుస్తాయి కనుక రద్దీ ఎక్కువైతే గీత చేతికంటే వెనకబడుతుంది. పాఠానికి ఆ ఆలస్యం పట్టింపు కాదు, సన్నని గీతల బొమ్మకు మాత్రం చికాకే. అందుకే వైర్‌లెస్‌ కొన్నా పెట్టెలో వచ్చిన తీగను పారేయకూడదు.

కొనేముందు

పాఠాలకే అయితే ఆరంగుళాల వెడల్పు పలక చాలు. బొమ్మలకు పదంగుళాలది హాయి. తెర లేని చిన్న టాబ్లెట్లు అన్నిటికంటే చవక. వైర్‌లెస్‌కు కొంత, తెర ఉన్నవాటికి చాలా ఎక్కువ పెట్టాలి. ఒత్తిడి స్థాయిలు 8192 అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. మామూలు పనికి 2048 ఉన్నా లోటుండదు. ఇంట్లో ల్యాప్‌టాప్‌ లేకపోతే ఆండ్రాయిడ్‌ ఫోన్‌కు తగిలేదేనా అని అడగాలి. పాత టాబ్లెట్‌ డ్రైవర్‌ తీసేయకుండా కొత్తది వేస్తే రెండూ కొట్టుకుంటాయి. అదనపు ములుకులు దగ్గర పెట్టుకోవాలి, అవి అరిగేవే. తెల్లబల్లకు ఓపెన్‌బోర్డ్‌, నోట్సుకు జోర్నల్‌ ప్లస్‌ ప్లస్‌, బొమ్మలకు కృత, రికార్డింగుకు ఓబీఎస్‌. ఇవన్నీ ఉచితం.

సాధనం చవకైంది, సాఫ్ట్‌వేర్‌ ఉచితం, భిలాయిలో చెప్పగల మాస్టార్లకు కొదవ లేదు. లేనిది ఏర్పాటే. ప్రతి ఇంటా ఒకటి కొనాల్సిన పని లేదు. బడికి రెండు, గుడి పక్కన తెలుగు సంఘానికి ఒకటి, లైబ్రరీకి ఒకటి ఉమ్మడిగా ఉంటే, కోచింగ్‌ ఫీజు కట్టలేని పిల్లలకు సాయంత్రం డౌట్లు తీర్చవచ్చు, వేసవిలో తెలుగు దిద్దించవచ్చు, బొమ్మల పిచ్చి ఉన్నవాళ్లకు కృత నేర్పవచ్చు. భిలాయి సంఘాలు ఒక పండగ చందాలో కొంత పక్కన పెడితే వచ్చే వేసవికే ఇది మొదలవుతుంది.