కుడివైపు పొత్తికడుపు నొప్పి.. అపెండిక్స్ అనుకుంటున్నారా? అసలు చిల్లు వేరే చోట ఉండొచ్చు!

పొత్తికడుపులో కుడివైపు నొప్పి అనగానే అందరికీ గుర్తొచ్చేది అపెండిక్సే. కానీ అసలు సమస్య పైన, జీర్ణాశయంలో ఉండొచ్చు. 1926 ఆగస్టులో హాలీవుడ్ మూకీ సినిమాల హీరో రుడాల్ఫ్ వాలెంటినో న్యూయార్క్‌లో కుప్పకూలాడు. అచ్చం అపెండిసైటిస్ లక్షణాలే. తీరా ఆపరేషన్ చేస్తే అల్సర్‌కు చిల్లు పడినట్టు తేలింది. ఇన్‌ఫెక్షన్ ముదిరి ఆగస్టు 23న చనిపోయాడు. అప్పటికి వయసు 31 ఏళ్లే. ఇలాంటి కేసును డాక్టర్లు ఇప్పటికీ 'వాలెంటినో సిండ్రోమ్' అనే అంటారు.

ఎందుకిలా జరుగుతుంది? చిల్లులోంచి కారిన యాసిడ్ పెద్దపేగు పక్కనున్న సందులోంచి కిందికి జారి, అపెండిక్స్ ఉండే చోట చేరుతుంది. దాంతో నొప్పి అక్కడ తెలుస్తుంది. అదే యాసిడ్ పైనున్న డయాఫ్రమ్‌ను తాకితే భుజం నొప్పి పుడుతుంది. వృద్ధుల్లో, స్టెరాయిడ్స్ వాడేవాళ్లలో అయితే పెద్దగా నొప్పే ఉండకపోవచ్చు. ఇంకో తిరకాసు కూడా ఉంది. కొన్ని గంటల తర్వాత నొప్పి కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది. తగ్గిపోయిందిలే అని ఇంట్లోనే ఉండిపోతే ప్రాణం మీదికి వస్తుంది.

మరి కనిపెట్టేదెలా? నిలబెట్టి ఛాతీ ఎక్స్‌రే తీస్తే, డయాఫ్రమ్ కింద చేరిన గాలి నల్లటి నెలవంకలా కనిపిస్తుంది. అన్ని కేసుల్లోనూ కనిపించదు. అనుమానం తీరకపోతే సీటీ స్కాన్ తీయాల్సిందే. మోకాళ్ల నొప్పులకని రోజూ పెయిన్ కిల్లర్స్ మింగేవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి, మెడికల్ షాపులో అడిగి కొన్నవైనా సరే.