నురగ పొంగితే గాయం శుభ్రమైనట్టేనా?

పిల్లవాడు సైకిల్ మీద నుంచి పడి, మోకాలు దోక్కుపోయి ఇంటికొస్తాడు. తర్వాత జరిగేది చాలా ఇళ్లలో ఒకటే. అమ్మ యాంటీసెప్టిక్ సీసా వెతుకుతుంది. నానమ్మ పసుపు డబ్బా కోసం వంటింట్లోకి వెళ్తుంది. పక్కింటాయన హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చి పోస్తాడు. గాయం మీద తెల్లటి నురగ బుసబుసా పొంగుతుంది. "క్రిములు చస్తున్నాయిరా, కాస్త ఓర్చుకో" అని పిల్లవాణ్ణి సముదాయిస్తారు. ఈ హడావిడిలో పెరట్లో కుళాయి ఉన్న సంగతి ఎవరికీ గుర్తురాదు.

ముందు ఆ నురగ సంగతి చూద్దాం. మన రక్తంలో, కణాల్లో కాటలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పెరాక్సైడ్ తగలగానే ఇది దాన్ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. పైకి తేలే ఆక్సిజన్ బుడగలే ఆ నురగ. క్రిమి ఒక్కటి కూడా లేని రక్తపు చుక్క మీద పోసినా, పచ్చి బంగాళదుంప ముక్క మీద పోసినా అలాగే పొంగుతుంది. కాబట్టి నురగను చూసి గాయంలో క్రిములున్నాయో, పోయాయో చెప్పలేం. పెరాక్సైడ్ బాక్టీరియాను చంపే మాట నిజమే. అయితే గాయాన్ని పూడ్చే ఫైబ్రోబ్లాస్టులను, పైచర్మాన్ని తిరిగి పరిచే కెరాటినోసైట్లను కూడా అది వదలదు. స్పిరిట్, నీళ్లు కలపని యాంటీసెప్టిక్ ద్రావణాలు చేసేదీ ఇదే.

మంట పుడితేనే మందు పనిచేస్తోందని మరో నమ్మకం. చర్మంలో వేడిని పసిగట్టే గ్రాహకాలు మామూలుగా 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్పందిస్తాయి. ఆల్కహాల్ ఆ హద్దును సుమారు 34 డిగ్రీలకు దించేస్తుంది. అప్పుడు మన ఒంటి వేడే మనకు నిప్పులా తోస్తుంది. ఆ మంటకూ క్రిములు చావడానికీ సంబంధం లేదు.

ఘాటైన మందులు గాయానికి చేసే చెరుపును మొదటి ప్రపంచ యుద్ధకాలంలోనే ఒక వైద్యుడు గమనించాడు. ఆయన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, తర్వాతి రోజుల్లో పెన్సిలిన్ కనుగొన్నవాడే. ఫ్రాన్స్‌లోని బులోన్‌లో సైనికుల గాయాలను పరీక్షిస్తూ, గాజు గొట్టానికి బోలు ముళ్లు లాగి ఒక కృత్రిమ గాయాన్ని తయారుచేశాడు. అందులో క్రిములు నింపి, యాంటీసెప్టిక్ పోసి ఖాళీ చేసి, మళ్లీ సీరం పోస్తే క్రిములు తిరిగి పెరిగాయి. మందు ఆ సందుల్లోకి చేరనే లేదు. పైగా గాయంలో క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు ముందే చచ్చిపోతున్నాయని ఆయన చూపించాడు.

మరి ఏం చేయాలి? చేతులు సబ్బుతో కడుక్కుని, శుభ్రమైన గుడ్డతో అదిమి రక్తం ఆపాలి. తర్వాత తాగడానికి పనికొచ్చే నీటిని ధారగా కొన్ని నిమిషాలపాటు గాయం మీద పోయాలి. అలాంటి నీటితో కడిగిన గాయాలు సెలైన్‌తో కడిగిన వాటికంటే ఎక్కువగా సెప్టిక్ అయినట్టు పరిశోధనల సమీక్షల్లో కనిపించలేదు. నీటి మీద నమ్మకం లేకపోతే కాచి చల్లార్చితే సరి. సబ్బు చుట్టూ ఉన్న చర్మానికి చాలు. దూదితో తుడిస్తే పోగులు గాయానికి అంటుకుంటాయి. గాజు పెంకులాంటిది లోతుగా దిగితే ఇంట్లో కెలకకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

పసుపు మాటెత్తితే చాలామంది పేటెంటు కథ చెబుతారు. పసుపుతో గాయాలు మానుతాయంటూ మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం 1995లో అమెరికాలో పేటెంటు పొందింది. మన సీఎస్ఐఆర్ సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాల నుంచి 32 ఆధారాలు చూపి, 1997లో దాన్ని రద్దు చేయించింది. గర్వించాల్సిన విజయమే. అయితే అక్కడ తేలింది ఈ జ్ఞానం కొత్తది కాదన్న విషయం. డబ్బాలోని పసుపును పచ్చి గాయంలో పోయడం సురక్షితమని ఆ తీర్పు చెప్పలేదు. కుర్కుమిన్‌కు వాపును తగ్గించే గుణం ఉన్నట్టు ప్రయోగశాలల్లో కనిపించింది, కానీ వంటింటి పసుపు క్రిమిరహితమైన పదార్థం కాదు. దానిలో వేడికీ ఎండకూ చావని బాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పైగా పొడి గట్టిపడి, కింద చీము పట్టినా కనిపించనివ్వదు. కాఫీ పొడి, సున్నం, బూడిద కూడా ఇంతే. గడ్డి చేమంతి ఆకు రసం ఎలుకల మీద ప్రయోగాల్లో కొంత మేలు చేసింది. రోడ్డు పక్కన తెంపి, మట్టిచేతుల్లో నలిపి పిండే రసానికి ఆ ఫలితాన్ని అంటగట్టలేం.

మట్టిలో, పేడలో ధనుర్వాతం బీజాలుంటాయి. గాలి అందని చోట అవి మేల్కొంటాయి. తుప్పు దానంతటదే ధనుర్వాతం తేదు, మేకుకంటిన మట్టే అసలు కారణం. అలాగని ప్రతి గీతకూ ఇంజెక్షన్ పరుగులు అక్కర్లేదు. టీకాల కోర్సు పూర్తయినవారికి శుభ్రమైన చిన్న గాయమైతే చివరి డోసు వేసుకుని 10 ఏళ్లు, మట్టి అంటినదైతే 5 ఏళ్లు దాటితేనే మరో డోసు కావాలి. గుర్తులేకపోతే వేయించుకోవడమే నయం.

గాయాన్ని గాలికి వదిలితే ఎండి త్వరగా పక్కు కడుతుందనేది పాత సలహా. జార్జ్ వింటర్ 1962లో పందుల మీద చేసిన ప్రయోగంలో పాలిథిన్ పొరతో కప్పిన గాయాలపై కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది. ఎండిన పక్కు కింద కణాలు దారి వెతుక్కుంటూ పాకాలి. తడి ఆరకపోతే సాఫీగా జరుగుతాయి. కాబట్టి పలుచగా పెట్రోలియం జెల్లీ రాసి, కట్టు కట్టి, రోజూ మార్చాలి.

పప్పు తింటే చీము పడుతుందని మన ఇళ్లలో పథ్యం పెడతారు కదా. చీమంటే బాక్టీరియాతో పోరాడి చచ్చిన తెల్ల రక్తకణాలు, అంతే. కొత్త కణజాలం అల్లుకోవడానికి మాంసకృత్తులు కావాల్సిన సమయంలో పప్పూ గుడ్డూ మాన్పించడం నాకైతే ఈ పొరపాట్లన్నింటిలోకీ విచిత్రంగా తోస్తుంది. ఎరుపు చుట్టుపక్కలకు పాకుతున్నా, సలుపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. మధుమేహం ఉన్నవారి కాలికి తగిలిన గాయమైతే అంతవరకూ ఆగకూడదు.

కుక్క గీరిన గాయం ఎంత చిన్నదైనా వేరే లెక్క. కారం, సున్నం పెట్టకుండా వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. రేబిస్ వైరస్ పైపొర కొవ్వుతో చేసింది, సబ్బు దాన్ని చెదరగొడుతుంది. కడిగాక ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. రక్తం రాని గీతకైనా టీకా తప్పదు, రక్తం వస్తే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. పిల్లలు తిడతారన్న భయంతో కుక్క సంగతి దాచి, సైకిల్ మీద నుంచి పడ్డామని చెబుతుంటారు. మోకాలు కడుగుతూ ఆ ప్రశ్న ఒకటి మెల్లగా అడగాలి.