జెండా త్రాడు మార్చుట

పంచాయతీ కార్యాలయము ఎదుటనున్న జెండా స్తంభపు త్రాడు ఎండకు, వానకు చివికిపోవును. ఆగస్టు 15, జనవరి 26 తేదీలకు వారము ముందే మనము దానిని పరీక్షింపవలెను. పోగులు లేచినచో తెగకముందే మార్చవలెను.

క్రొత్త త్రాడు స్తంభపు ఎత్తునకు రెట్టింపు పొడవును, ముడులకు మరి మూడడుగులును ఉండవలెను. 20 అడుగుల స్తంభమునకు 43 అడుగులు చాలును. పాత త్రాడు కొనలను విప్పి, ఒక కొనకు క్రొత్త త్రాడు కొనను ఎదురెదురుగా చేర్చి దారముతో గట్టిగా కుట్టవలెను. ముడి వేసినచో అది కప్పీలో చిక్కుకొనును. పిదప పాతదాని రెండవ కొనను మెల్లగా లాగినచో క్రొత్తది కప్పీ మీదుగా దిగివచ్చును. ఎవరును స్తంభమెక్కనక్కరలేదు.

త్రాడు తెగినచో స్తంభమును దింపవలసివచ్చును. ఇనుప స్తంభము కరెంటు తీగెలకు తగిలి ప్రాణములు పోయిన సందర్భములు కలవు. తీగెలు దగ్గరనున్నచో విద్యుత్ సిబ్బందిచే సరఫరా ఆపించిన పిదపనే దానిని కదల్పవలెనని సభ్యులను కోరుచున్నాము.