‘ఇప్పించండి’ వెనుక కులం

కిందటేడాది మా విభాగం జరిపిన సదస్సులో అతిథులను సత్కరించడానికి మంగళగిరి నేత కండువాలు నలభై తెప్పించాం. నేసిన పెద్దాయనకు మాట ఇచ్చింది నేనే. సదస్సు ముగిసింది, ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. బిల్లు మాత్రం ఒక బల్ల మీది నుంచి మరో బల్ల మీదికి జరుగుతూ ఐదు నెలలు గడిపింది. ఈలోగా ఆయన మూడుసార్లు నా గదికి వచ్చారు. మూడుసార్లూ ‘ఇటుగా పనుండి వచ్చాను సార్’ అనే మొదలుపెట్టారు. కూర్చోమంటే కూర్చోలేదు. నా ఆరోగ్యం, పిల్లల చదువు అడిగి, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి అన్నారు: ‘వీలైతే ఆ డబ్బులు ఇప్పించండి సార్. మనవరాలికి ఫీజు కట్టాలి. ఏమీ అనుకోకండి.’

ఆ మాటలు నాకు కొత్తవి కావు. మా నాన్న మంగళగిరిలోనే గుంట మగ్గం మీద నేశాడు. వార్పు దింపిన రోజున చీరలు భుజాన వేసుకుని షావుకారు గారి అరుగు దగ్గరికి వెళ్లేటప్పుడు నన్ను వెంట తీసుకువెళ్లేవాడు. ఎందుకో చాలా ఏళ్ల తరువాత అర్థమైంది. పక్కన పిల్లవాడుంటే అడగడం కాస్త తేలిక. ‘వీడికి పుస్తకాలు కొనాలండీ’ అనవచ్చు. మజూరీలో సగం చేతికి వచ్చేది, సగం పద్దులో మిగిలేది. తిరుగుదారిలో నాన్న కొండవైపు చూసి నవ్వేవాడు: ‘పానకాల స్వామి సగం తాగి సగం తిరిగిస్తాడురా, మన షావుకారు సగం ఇచ్చి సగం తాగుతాడు.’

అరుగు ముందు నిలబడిన ఆ పిల్లవాడే ఆచార్యుడై మరొక నేతగాడిని తన గుమ్మంలో మూడుసార్లు నిలబెట్టాడు. తప్పు కార్యాలయానిదని తప్పుకోగలను. కాని నాకు రావలసిన జీతం ఒక వారం ఆలస్యమైతే మా సంఘం వినతిపత్రం కాదు, నిరసన లేఖ రాస్తుంది.

చిన్న వ్యాపారులు, ఫ్రీలాన్సర్లు రావలసిన డబ్బును ‘మర్యాదగా’ ఎలా అడగాలో నేర్పే సలహాలు ఇప్పుడు విరివిగా దొరుకుతున్నాయి. మాటలో మెత్తదనం ఉండాలట, సంబంధం చెడకూడదట. మంచిదే. అయితే మర్యాద భారం అందరి మీదా సమానంగా పడుతోందా? దళితవాడ నుంచి వచ్చిన మా విద్యార్థిని ఒకరు వీడియో ఎడిటింగ్ చేసి చదువు ఖర్చులు వెళ్లదీసుకుంటుంది. రెండు నెలల బాకీ కోసం ఆమె రాసుకున్న సందేశాన్ని నాకు చూపించింది. అందులో మూడు క్షమాపణలు, తల్లి అనారోగ్యం, దేవుడి దయ ఉన్నాయి. వ్యాపార కుటుంబం నుంచి వచ్చిన ఆమె సహాధ్యాయి అదే పనికి ఒక్క వాక్యం రాశాడు: ‘గడువు దాటింది, శుక్రవారంలోగా పంపండి.’ ఇద్దరి తెలుగూ బాగానే ఉంది. తేడా ఇంటి నుంచి తెచ్చుకున్న ధైర్యంలో ఉంది.

‘ఇవ్వండి’ అనవలసిన చోట మనం ‘ఇప్పించండి’ అంటాం. డబ్బు ఎదుటివాడి జేబులోనే ఉంది. అయినా మరెవరో ఇవ్వవలసినదాన్ని ఆయన దయతలచి మనకు చేరుస్తున్నట్టు మాట్లాడతాం. హక్కును అర్జీగా మార్చే క్రియ ఇది. ప్రతిఫలానికి మనం పెట్టుకున్న పేర్లు కూడా చూడండి. పురోహితుడికి ఇచ్చేది సంభావన, వైద్యుడికి ఫీజు, నేతగాడికి మజూరీ, పొలంలో వంగినవారికి కూలి. సంభావన బాకీ పెట్టడం పాపం. ఫీజు ముందే కట్టాలి. మజూరీ, కూలి మాత్రం ‘రేపు రా’ అంటే ఆగుతాయి. పని ఎంత తప్పనిసరిదో కాదు, చేసే చేయి ఎవరిదో చూసి గడువు నిర్ణయమవుతోంది.

దీనికి చరిత్ర ఉంది. చాకలి, మంగలి, కమ్మరి, వడ్రంగి, మాదిగ ఏడాది పొడవునా చేసిన పనికి కళ్లం దగ్గర మేర కోసం నిలబడేవారు. అది ఒప్పందపు వేతనం కాదు, ఆసామి చేతివాటం. శ్రమను మాత్రమే కాక శ్రామికులనే కులం మెట్లుమెట్లుగా విడదీసిందని అంబేడ్కర్ 1936 నాటి ‘కుల నిర్మూలన’లో వాదించారు. అడగడంలో ఉండే సిగ్గు కూడా ఆ మెట్ల ప్రకారమే పంపకమైంది.

చేనేత కథ ఇంకొంచెం చిక్కుముడి. సాలెవాడు చాలావరకు సంతకు నేసినవాడు, కళ్లం దగ్గర నిలబడినవాడు కాడు. కాని నూలు షావుకారుది, అడ్వాన్సు షావుకారుది. కూలి రావలసినవాడే అప్పు ఉన్నవాడు కూడా. అతడు గట్టిగా అడిగితే పాత పద్దు తెరుచుకుంటుంది. చాలాచోట్ల షావుకారూ అదే కులం. ‘మనవాడివి, నీ డబ్బు ఎక్కడికి పోతుంది?’ అన్న ఆత్మీయతే వాయిదాకు ముసుగు. కుల సంఘాల వేదికల మీద ఐక్యత గురించి మాట్లాడేవారు ఈ అంతర్గత బాకీల గురించి ఎప్పుడు మాట్లాడతారు? దళారీ పట్టు నుంచి నేతగాడిని విడిపించడానికే సహకార సంఘాలు పుట్టాయి. నిడుబ్రోలు ప్రగడ కోటయ్య వంటి నాయకులు అందుకే జీవితం వెచ్చించారు. ఆ సంఘాలు కూడా తమ సరుకు బకాయిల కోసం ఆప్కో వైపు ఎదురుచూసిన సందర్భాలు పత్రికా పాఠకులకు తెలిసినవే.

2019-20 నాటి నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలోని నేత కుటుంబాల్లో దాదాపు మూడింట రెండు వంతుల ఆదాయం నెలకు 5,000 రూపాయల లోపే. కార్మికుల్లో 70 శాతానికి పైగా స్త్రీలు. కండెలు చుట్టి, ఆసు పోసిన మా అమ్మ పేరు ఏ పద్దులోనూ లేదు. పద్దులో పేరే లేనివారు ఏ బాకీ అడుగుతారు?

చట్టం లేక కాదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన నిర్బంధ శ్రమేనని 1982లో ఆసియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే నమోదు కాని మగ్గానికి, కాగితం లేని ఆర్డరుకు, మళ్లీ నూలు ఇస్తాడో లేదోనన్న భయానికి ఈ చట్టాలు అందవు. తిరిగి పని ఇచ్చే చేతి మీద ఫిర్యాదు చేయడం ఎంత కష్టమో చట్టం రాసినవారి కన్నా నేసినవారికి ఎక్కువ తెలుసు.

అందుకే అడిగేవాడికి మర్యాద నేర్పడం కన్నా ముందు ఇవ్వవలసినవాడికి గడువు నేర్పాలి. ప్రభుత్వ కార్యాలయాలు, విశ్వవిద్యాలయాలు కొనే ప్రతి నేత వస్త్రానికీ ఆర్డరు కాగితం మీదే చెల్లింపు తేదీ ఉండాలి. సగం సొమ్ము ముందుగా ఇవ్వాలి. మజూరీ లెక్కలో స్త్రీల పేరు విడిగా రాయాలి. కుల సంఘాలు సన్మానాల కన్నా ముందు తమ పెద్దల పద్దులు తెరవాలి. విద్యార్థులకు నేను చెప్పేది ఒకటే: మీ సందేశంలో తేదీ, మొత్తం, గడువు రాయండి. అమ్మ అనారోగ్యం రాయకండి. మీ అవసరం మీ హక్కుకు సాక్ష్యం కానక్కరలేదు.

చివరికి ఆ పెద్దాయన డబ్బు నేనే మంగళగిరి వెళ్లి ఇచ్చి వచ్చాను. ఆలస్యానికి క్షమించమన్నాను. ఆయన కంగారుపడి, ‘అయ్యో, మీరంత మాట అనకండి సార్’ అన్నారు. డబ్బు లెక్కపెట్టుకోలేదు. నా ముందు లెక్కపెట్టడం అమర్యాద అనుకున్నారు. ‘లెక్క చూసుకోండి బాబాయ్’ అని నేనే కూర్చున్నాను. ఆయన లెక్కపెట్టడానికి చాలాసేపు పట్టింది. ఐదు నెలల తరువాత ఈసారి ఎదురుచూసింది నేను.

(వ్యాసకర్త విశ్వవిద్యాలయ ఆచార్యులు)